చలికాలం ఆకులు

లాల్‌గడి మలక్‌పేట్‌లో డ్రైవర్ ఎల్లేష్ కూతురు అశ్రిత. ఎమ్మెస్సీలో వృక్షశాస్త్రం చదువుతోంది. తండ్రి పనిచేసే జనార్ధన్ ఫామ్‌హౌస్‌లో, గేటు పక్కన ఓ పెద్ద అరకేరియా ఉండేది. క్రిస్మస్ చెట్టు అనేవారు ఊళ్లో. సూదుల్లాంటి దాని ఆకుల కణాల్లో సున్నం స్ఫటికాలుగా పేరుకుంటుంది. అది ఏ కాలంలో పెరుగుతుంది, ఎప్పుడు తరుగుతుంది అన్నదే అశ్రిత ప్రాజెక్టు. మూడు కాలాల్లోనూ అదే చెట్టు ఆకులు కోసి పోల్చాలి.

ఎండాకాలపు ఆకును మైక్రోస్కోపు కింద పెడితే కణాల నిండా స్ఫటికాలు చక్కెర పలుకుల్లా మెరిశాయి. వానలు పడ్డాక చూస్తే చాలామటుకు లేవు. ఎటు పోయాయో! ఆమెకు అన్నం సయించలేదు. ఇక చలికాలం కోసమే ఎదురుచూపు.

దసరా వెళ్లాక ఆమె కొమ్మలకు గుర్తుగా దారాలు కడుతుంటే జనార్ధన్ స్నేహితులతో వచ్చాడు.

"ఏమున్నదే గా ఆకుల?"

చెప్పింది.

"అంటే నా బోరు నీళ్లు తాగి లోపల దాసుకుంటాందన్నట్టు. అచ్చం మీ బాపు లెక్కనే!"

అందరూ నవ్వారు. కారు తుడుస్తున్న ఎల్లేష్ కూడా నవ్వాడు.

"చెట్టు దొంగతనం చెయ్యది సార్. మా బాపు గూడ చెయ్యడు," అంది అశ్రిత.

నవ్వులు ఆగిపోయాయి. జనార్ధన్ చెట్టును కిందినుంచి పైదాకా ఓసారి చూశాడు.

డిసెంబరులో కత్తెర, కవర్లు పట్టుకుని వెళ్లేసరికి చెట్టు ముక్కలై పడి ఉంది. కొట్టి చాలా రోజులైంది, ఆకులు ఎండి రాలుతున్నాయి. ఎల్లేష్ కొమ్మలను ట్రాలీలోకి ఎత్తుతున్నాడు.

"బాపూ, నాకొక మాట చెప్పొద్దా?"

"చెప్తే నౌకరి తీస్తనన్నడు బిడ్డా. కొట్టేటప్పుడు తాడు గూడ నాతోనే పట్టిచ్చిండు."

కుర్చీలోంచి జనార్ధన్ పిలిచాడు. "తెంపుకో పిల్లా. ఇగ నిచ్చెనతోని గూడ పని లేదు."

ఆమె తెంపుకోలేదు. ఎండినవి లెక్కలోకి రావని ఆమెకు తెలుసు. రెండు కాలాలతోనే ప్రాజెక్టు ఇచ్చింది. అత్తెసరు మార్కులతో గట్టెక్కి, మేడ్చల్‌లో ఓ విత్తనాల దుకాణంలో కుదిరింది.

చెట్టున్న చోట ఇప్పుడు కారు పెడుతున్నారు. రోజూ పెట్టేది ఎల్లేషే. ఒకరోజు అన్నం తింటూ అడిగాడు.

"చలికాలంల గా సున్నం ఏమైతదో ఎర్కైందా బిడ్డా?"

అశ్రిత కంచం తీసుకుని బయటికి వెళ్లిపోయింది.