సెల్లు లేని రేడియో

"సెల్లు లేకుండా పాడే రేడియో చేస్తున్నం" అని నేను ఎవరికి చెప్పినా వాళ్ళకు వేరే మాట వినిపించేది. అంతకు కొన్నేళ్ళ ముందు దాకా మా వైపు సెల్లు అంటే టార్చిలైటులో వేసేది. నేను ఇంజనీరింగ్ చివరి ఏడాదికి వచ్చేసరికి సెల్లు అంటే జేబులో మోగేది అయిపోయింది. అందుకని నా మాట విన్నవాళ్ళు, "సెల్లు లేకుంటే ఒకటి కొనుక్కో, దాంట్లనే ఎఫ్‌ఎం వస్తది గద" అనేవారు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. బ్యాటరీ ఉండదు, కరెంటు ఉండదు, గాలిలో వచ్చే తరంగానికి ఉన్న కాస్త బలంతోనే పాడుతుంది అని. ఓపిగ్గా అంతా విని, "గదే సెల్లుల వస్తది గద" అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అసలు ఈ తలనొప్పి నేనే తెచ్చిపెట్టుకున్నాను. మాది మంచాల ఊరికి అవతల, మెట్టపొలాల పల్లె. ఇబ్రహీంపట్నంలో బస్సు మారి శేరిగూడ కాలేజీకి వెళ్ళేదాన్ని. సాగర్ రోడ్డుకు అటూ ఇటూ జొన్న చేలల్లో రాళ్ళు పాతి, వాటికి రంగులేసి ప్లాట్లు చేస్తున్న రోజులవి. ఆ ప్లాట్ల మధ్యే ఇంజనీరింగ్ కాలేజీలు కూడా లేచాయి. మాది ఎలక్ట్రానిక్స్. ఎఫ్‌ఎం అంటే ఏమిటో పేజీలకు పేజీలు సమీకరణాలు రాయగలను గానీ, రేడియో మూత విప్పితే లోపల ఏది ఏమిటో చెప్పలేను. చివరి ఏడాది ప్రాజెక్టు అనగానే మా క్లాసు క్లాసంతా దిల్‌సుఖ్‌నగర్ బాట పట్టింది. అక్కడ ప్రాజెక్టులు తయారుగా అమ్ముతారు. లైట్లు వెలిగే పెట్టె, దాని రిపోర్టు, పరీక్షలో అడగబోయే ప్రశ్నలకు జవాబులు, అన్నీ కలిపే ఇస్తారు. ఇన్నాళ్ళు చదివి చివరికి కొనుక్కోవడమా అని నాకు కడుపు రగిలిపోయింది. ఒక్కటంటే ఒక్క వస్తువు, నా చేత్తో చేసింది, నోరు విప్పి పలకాలి అనుకున్నాను.

ప్రాజెక్టు ఇద్దరు కలిసి చెయ్యాలి. నా జోడీ మన్నెగూడ నుంచి వచ్చే అమ్మాయి. వాళ్ళది కృష్ణా జిల్లా. తన చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి, ప్లాటు కొని, రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నారు. మొదటి ఏడాది నుంచీ ఒకే బెంచీలో కూర్చున్నాం. నా మాట యాస మీద తనూ, తన మాట సాగదీత మీద నేనూ ఆటపట్టించుకునేవాళ్ళం. కొనే జట్టులో చేరమని తనను ఇంకెవరో అప్పటికే పిలిచారు. నా కోసం వాళ్ళకు కాదని చెప్పింది.

"నాకు రేడియో సంగతి ఏమీ తెలియదే. నీ మీద నమ్మకంతో ఒప్పుకుంటున్నాను. పనిచెయ్యకపోతే మాత్రం నన్ను నిలువునా ముంచినట్టే" అంది.

"చేస్తది. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

కాగితం మీద చూస్తే దానిలో ఏమీ లేదు. లావు రాగితీగను మార్కర్ పెన్ను చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టాలి. స్టేషన్ పట్టడానికి, స్క్రూతో తిప్పే చిన్న ట్రిమ్మర్ ఒకటి. తరంగంలోంచి ధ్వనిని విడదీయడానికి ఒక డయోడు. చెవిలో పెట్టుకోవడానికి ఇయర్‌ఫోను. అంతే. ఇంత చిన్న వస్తువు మనిషిని ఇంత సతాయిస్తుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

డయోడు కోసం కోఠీ వెళ్ళాను. నాకు కావలసింది జర్మేనియం రకం. అతి తక్కువ బలం ఉన్న తరంగాన్ని కూడా అదొక్కటే లోపలికి రానిస్తుంది. కొట్టతను డబ్బాలో చెయ్యి పెట్టి నాలుగు తీసి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే అవి మామూలువి. మళ్ళీ వెళ్ళాను.

"అక్క, డయోడ్ అంటే డయోడే. గిది తీస్కపో, మస్తు నడుస్తది" అన్నాడు.

నడవదని చెబితే, ఏం చేస్తున్నావని అడిగాడు. చెప్పాను. "సెల్లుల వస్తది గదక్క" అన్నాడు. నేను మెట్లు దిగి, పక్క గల్లీలో ఇంకో కొట్టు వెతుక్కున్నాను. అక్కడ దొరికింది.

ఇయర్‌ఫోను ఇంకా పెద్ద తంటా. సెల్‌ఫోనుకు పెట్టుకునేది తెచ్చి తగిలించాను. చప్పుడు లేదు. తీగ మార్చాను, చుట్లు పెంచాను, తగ్గించాను, మళ్ళీ టంకం పెట్టాను. చప్పుడు లేదు. వేళ్ళు కాలాయి. కాలేజీ ల్యాబులో అడిగితే, "మీ వాళ్ళంతా కొనుక్కున్నారు కదమ్మా" అన్నారు. ఆ రకం ఇయర్‌ఫోనుకు బలమైన కరెంటు కావాలనీ, నా రేడియోలో పుట్టే పిసరంత కరెంటు దాన్ని కదిలించలేదనీ లైబ్రరీలో ఒక పాత పుస్తకం తిరగేస్తే అప్పుడు తెలిసింది. లోపల ధ్వని పుట్టినా నాకు వినిపించే దారే లేదన్నమాట. నా నెత్తి నేనే కొట్టుకున్నాను. చివరికి చెడిపోయిన అలారం గడియారం విప్పి, అందులో కూత పెట్టే పలచటి ఇత్తడి బిళ్ళ తీసి, సీసా మూతలో బిగించి, అదే చెవికి పెట్టుకున్నాను. దానికి పిసరంత కరెంటు చాలు.

ఇంట్లో బాపు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. మా ఇంట్లో రేడియో ఉన్నన్నాళ్ళు, సెల్లు నీరసించినప్పుడల్లా తీసి గోడ మీద ఎండకు పెట్టి, మళ్ళీ వేసి, ఇంకో రెండు రోజులు లాగించేవాడు.

"సెల్లు లేకుంట పాడే రేడియో ఉంటే, గన్నేండ్లు నేను సెల్లు ఎండకెందుకు పెట్టిన బిడ్డ?" అన్నాడు. మళ్ళీ తనే, "నిన్నెవరన్న మోసం చేస్తున్నరేమో, జర చూస్కో" అన్నాడు.

ఆయనకు వినిపించి చూపే వీలు కూడా లేదు. మా ఊళ్ళో తరంగం అందనే అందదు. ఎఫ్‌ఎం స్తంభాలన్నీ నగరంలో ఉన్నాయి. వాటికి దగ్గరగా, ఎత్తుగా ఉన్న చోటు కావాలి. మాకున్న వాటిలో అలాంటిది మన్నెగూడలో నా జోడీ వాళ్ళ మేడ ఒక్కటే. దాని మీద పాత టీవీ యాంటెన్నా కూడా ఉంది. కేబుల్ వచ్చాక దాని గొడవ ఎవరూ పట్టించుకోలేదు. అల్యూమినియం కడ్డీలు కాకుల రెట్టలతో తెల్లబడి ఉన్నాయి. వాటిని తుడిచి, నగరం వైపు తిప్పి, తీగ కలిపాను.

ఒక సాయంత్రం వినిపించింది. ముందు గాలి ఊదినట్టు, తర్వాత సన్నగా, ముక్కుతో పాడుతున్నట్టు ఒక ఆడగొంతు. సరిగ్గా స్టేషన్ మీదికి తిప్పితే మాయమవుతోంది, కాస్త పక్కకు జరిపితే వస్తోంది. ఎఫ్‌ఎం స్వభావమే అంత. ఊపిరి బిగబట్టి విన్నాను. సెల్లు లేదు, కరెంటు లేదు, పాట ఉంది. కింద బట్టలు మడతపెడుతున్న జోడీని అరిచి పిలిచాను. పరుగెత్తుకొచ్చింది. బిళ్ళ తన చెవికి పెట్టి, అడ్డం కాకుండా పక్కకు జరిగాను.

"ఏమీ రావట్లేదే" అంది.

"వస్తున్నదే, పాట. జర గట్టిగ పెట్టుకో."

గట్టిగా పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తల అడ్డంగా ఊపింది. తీసి నా చెవికి పెట్టుకున్నాను. పాట వస్తోంది. తనకిచ్చాను. లేదంది. నా చెవికి పెట్టుకుంటే ఉంది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కాలేజీ కాగానే తనతో పాటు మన్నెగూడలో దిగి, మేడెక్కి, ఇదే వరస. నాకు వినిపిస్తుంది, తనకు వినిపించదు. వాళ్ళమ్మగారిని కూడా పిలిచాం. ఆవిడ కొంగు సర్దుకుని శ్రద్ధగా విని, "వినపడలేదమ్మాయ్. పోనీలే, కాఫీ తాగుతావా?" అన్నారు. ఆ జాలికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అబద్ధమాడుతున్నావని అన్నా బాగుండేది, పోట్లాడేదాన్ని.

ఆ పోట్లాట కూడా వచ్చింది. ప్రాజెక్టు జట్ల పేర్లు సోమవారం ఆఫీసుకు వెళ్ళిపోతాయి. ఆ లోపు మారాలనుకుంటే కొనే జట్టులో తనకు ఇంకా చోటుంది. శనివారం మేడ మీద బిళ్ళ చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"నిజం చెప్పవే. నువ్వు నా చెవిలో పెడుతున్నది రేడియోనా, పువ్వా?"

ఇన్నేళ్ళుగా పక్కన కూర్చున్న మనిషి. నేను పాటలు కల్పించి చెబుతున్నానని అనుకుంటోంది. తన తప్పు మాత్రం ఏముంది? తన చెవి తనకు చెప్పిందే తను నమ్ముతుంది. ఆ సంగతి తెలిసి కూడా నాకు కోపం ఆగలేదు.

"గట్లయితే పో. పోయి కొనుక్కో" అన్నాను.

"అలా మాట్లాడకు. నేను రోజూ వింటూనే ఉన్నాను కదా. ఇప్పుడూ వింటున్నాను చూడు" అని బిళ్ళ మళ్ళీ చెవికి పెట్టుకుంది. అప్పటికే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఇక ఈ దరిద్రాన్ని ఊడబీకి కింద పారేద్దామని నేను యాంటెన్నా కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఆగు" అంది.

"ఏమాగేది?" అన్నాను, కడ్డీని కదిలిస్తూ.

"ఆగవే. కదలకు. వదలకు."

కదలలేదు. తను కూడా కదలలేదు. చెవి దగ్గర చెయ్యి, నేల మీద చూపు. పెదవులు మెల్లగా విడివడుతున్నాయి.

అప్పుడు బుర్రలో వెలిగింది. నేను వింటున్నప్పుడల్లా, ఒక చేత్తో బిళ్ళ పట్టుకుని ట్రిమ్మర్ తిప్పే చేతి మోచెయ్యి ఊతంగా కడ్డీ మీద ఆనించేదాన్ని. తనకివ్వగానే, అడ్డం కాకూడదని దూరం జరిగేదాన్ని. నా ఒళ్ళు కూడా ఆ యాంటెన్నాలో భాగమే. ట్రిమ్మర్ తిప్పి స్టేషన్ కుదుర్చుకున్నది కూడా నా చెయ్యి అక్కడ ఉండగానే. నేను తప్పుకుంటే స్టేషన్ తప్పిపోతోంది. పేజీలకు పేజీలు సమీకరణాలు రాసిన నాకు ఇది తట్టలేదు. మర్యాద కోసం పక్కకు జరిగి, జరిగి, ఇన్ని రోజులు నాశనం చేశాను.

"ఏమొస్తున్నది?" అని అడిగాను. చెయ్యెత్తి ఉండమంది. ఇప్పుడు నాకే వినిపించదు. కడ్డీ పట్టుకుని తన మొహం చూస్తూ నిలబడ్డాను.

"పాటనా?"

తను నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు అలాగే ఉన్నాయి. "కాదే. ప్లాట్లు అమ్ముతున్నారు. సాగర్ రోడ్డులో, రింగురోడ్డుకు కూతవేటు దూరంలో, ఈ రోజే బుక్ చేసుకోండి అంటున్నాడు."

ఇంతా చేస్తే ప్లాట్లా! ఆ ప్లాట్ల రాళ్ళు మేడ మీదినుంచి మాకు కనిపిస్తూనే ఉన్నాయి. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. కానీ కడ్డీ మాత్రం వదలలేదు.

సోమవారం తను జట్టు మారలేదు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే బాగానే ఉండేది. మా పరీక్ష పెట్టింది కాలేజీ కింది అంతస్తులోని ల్యాబులో. చుట్టూ ఇనుప బీరువాలు, కిటికీలకు ఇనుప ఊచలు. మన్నెగూడ కన్నా శేరిగూడ నగరానికి ఇంకా దూరం. మేడ మీది యాంటెన్నాను తీసుకురాలేం. ఒక పొడవాటి తీగ కిటికీలోంచి బయటికి వేసి, ఈ చివర నేను పట్టుకుని నిలబడ్డాను. మా పక్కన రెండు జట్లు ఒకే అలారం, ఒకే రంగు పెట్టెతో నిలబడ్డాయి. రెండూ బ్రహ్మాండంగా మోగాయి.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన. మేం రేడియో బిగించిన అట్టముక్కను తిప్పి తిప్పి చూశాడు.

"బ్యాటరీ ఎక్కడమ్మా?"

"బ్యాటరీ ఉండదు సార్" అన్నాను. కనీసం సెల్‌ఫోను మాట ఎత్తలేదు, అందుకు సంతోషించాను.

బిళ్ళ చెవికి పెట్టుకున్నాడు. నేను తీగను అరచేతిలో నొప్పెట్టేలా బిగించాను. మడమలెత్తాను. ట్రిమ్మర్ కాస్త అటు, కాస్త ఇటు తిప్పాను. చాలాసేపే విన్నాడు పాపం. తర్వాత తీసి బల్ల మీద పెట్టి, నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అప్పటికి ఎన్నోసార్లు చూశాను.

"ఏమీ రావడం లేదు కదమ్మా. ఇది అసలు పనిచేసిందా ఎప్పుడైనా?"

చెప్పడానికి నోరు తెరిచాను. నాకు వినిపించింది సార్ అనే మాట చెప్పీ చెప్పీ అరిగిపోయింది. నాకే అది అబద్ధంలా తోచింది.

"చేసింది సార్" అంది నా పక్కనుంచి తను. "ఇక్కడ అందదు. మా మేడ మీద వస్తుంది. నేను విన్నాను."

ఆయన తన వైపు తిరిగాడు. "నువ్వు విన్నావా? ఏం విన్నావు?"

"ప్లాట్ల ప్రకటన సార్" అంది తడుముకోకుండా. "సాగర్ రోడ్డులో, రింగురోడ్డుకు కూతవేటు దూరంలో. ఈ రోజే బుక్ చేసుకోమన్నాడు."

పెద్దాయన గట్టిగా నవ్వేశాడు. "అయితే నిజంగానే విన్నావమ్మా" అన్నాడు. ఏదో రాసుకుని అలారాల వైపు వెళ్ళిపోయాడు.

మార్కులు మాకంటే అలారాలకే ఎక్కువ వచ్చాయి. దాని మీద తర్వాత చాలా రోజులు తిట్టుకున్నాను. కానీ ఆ క్షణంలో మాత్రం నాకు మార్కులు గుర్తే లేవు. కిటికీ వైపు తిరిగి, అలాగే నిలబడిపోయాను.

తను నా మోచెయ్యి మీద తట్టింది.

"ఆయన వెళ్ళిపోయాడే. ఇంక ఆ తీగ వదిలెయ్యి."