బ్రిడ్జి కోర్సుకు చివరి రోజు

2018 చలికాలం. నారాయణపేట వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. అడ్మిషన్ల పనీ నాదే. పదో తరగతి పాసై వచ్చిన పిల్లలకు ఏ గ్రూపు ఏమిటో చెప్పి ఫారం నింపించాలి. వొకేషనల్ గ్రూపుల గురించి మాత్రం "తొందరగా ఉద్యోగం వస్తుంది" అని ఒక్క మాటతో ముగించేదాన్ని.

రూతు అట్లా ఎంఎల్‌టీలో చేరింది. రక్త, మూత్ర పరీక్షలు చేయడం నేర్పే రెండేళ్ల కోర్సు అది. తండ్రి షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో పని చేసేవాడు, తల్లి కూలికి పోయేది. రెండో ఏడాదిలో, ఆ చలికాలంలోనే ఒక మధ్యాహ్నం రూతు స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడింది.

"మేడం, ఇంటర్ అయినంక బీఎస్సీ చదువుత. సీటొస్తదా?"

ఎందుకు రాదు అనబోయి ఆగిపోయాను. వొకేషనల్ పిల్లలు సైన్సు డిగ్రీకి పోవాలంటే బ్రిడ్జి కోర్సు పరీక్షలు కూడా రాయాలి. తమ గ్రూపులో లేని సైన్సు పాఠాల మీద అదనపు పేపర్లవి.

"బ్రిడ్జి కోర్సుకు ఫీజు కట్టినవా?"

"అదేంది మేడం?"

ఆలస్య రుసుముతో కట్టే గడువు మర్నాటితో ముగుస్తుంది. "రేపు పొద్దుగాల్నే ఫొటో, ఆధార్ పట్టుకొని రా" అన్నాను.

మర్నాడు పదకొండైనా రాలేదు. ఫోన్ స్విచాఫ్. ఆటో మాట్లాడుకుని వాళ్ల ఊరికి పోయాను. రూతు తల్లితో పాటు పత్తి చేనులో ఉంది.

"బాపు వద్దన్నడు మేడం" అంది తల వంచుకుని. "కొత్త పరీక్షలు నెత్తికెత్తుకుంటే ఉన్నయి గూడ ఫెయిలైతవన్నడు."

అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేశాను. వెనక మిషన్ల చప్పుడు.

"చేరిచ్చిన నాడు గిది చాలన్నది మీరే గద మేడం? ఇప్పుడు చాలదంటున్నరు. మిమ్ములనెట్ల నమ్మాలె?"

"తప్పు నాదే. ఆనాడే చెప్పాల్సింది" అన్నాను. తల్లి పత్తి ఏరడం ఆపి నా మొహంలోకే చూస్తోంది.

"మీరు దగ్గరుండి చదివిస్తరా?" అన్నాడాయన.

"చదివిస్త."

"అయితే కట్టుండ్రి."

రూతును వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చాక వెబ్‌సైట్ ఎంతకూ తెరుచుకోలేదు. ఫీజు కట్టినట్టు రసీదు వచ్చేసరికి నాలుగున్నర. రూతు ఏడ్చేసింది. పరీక్షల దాకా రోజూ కాలేజీ అయ్యాక గంటసేపు కూర్చోబెట్టాను. బయాలజీ సులువుగా, ఫిజిక్స్ బొటాబొటిగా గట్టెక్కింది. బీఎస్సీలో సీటొచ్చింది.

నేను సంతోషంగా ఉన్న ఆ రోజుల్లోనే, అదే క్లాసులో చదివిన శైలజ సర్టిఫికెట్ల కోసం వచ్చింది.

"నాకు సైన్సు సీటు రాదన్నరు మేడం. బ్రిడ్జి లేదంట. రూతుకు చెప్పిండ్రు గద, నాకెందుకు చెప్పలే?"

ఆ గడువు రోజున మిగతా పిల్లల సంగతి నాకు తట్టనే లేదు. శైలజ ఏడాది ఆగి ఆ పేపర్లు రాసింది.

ఇప్పుడు ఫారం తెరవకముందే, ఆ గ్రూపుతో ఏం చదవొచ్చో, ఏం చదవడానికి వీలుకాదో తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెబుతాను. అడిగినవాళ్లకు జవాబు చెబితే నా పని అయిపోయిందనుకున్నాను అన్నాళ్లూ. శైలజకు ఏం అడగాలో తెలియదు. తెలిసిన దాన్ని నేను.