బావి అడుగు మన్ను

ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. మోయడం అలవాటైంది గానీ బరువు తగ్గలేదు. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పోలీస్ యాక్షన్ అయిన కొన్నేళ్లకు జరిగిన సంగతి. ఎండాకాలం సెలవులొస్తే వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగి, యాలాల్‌లో మా మేనత్త ఇంటికి పోయేదాన్ని. అత్తమ్మ చీర కచ్చ పోసుకుని పొలం బావిలో దూకితే చూసి తీరాలి. నా నడుముకు ఎండిన సొరకాయ కట్టి ఈత నేర్పింది ఆమే. తర్వాత మునగడం నేర్పింది. పైన నీళ్లు గోరువెచ్చగా ఉండేవి, కిందికి పోయేకొద్దీ చల్లబడేవి. ఆ చల్లదనం తగిలితే ప్రాణం లేచొచ్చేది. అడుగు ముట్టినట్టు రుజువు కావాలంటే గుప్పెడు మన్ను తేవాలి. అక్కడి పిల్లలందరికీ అదే పరీక్ష.

నాకు చెవులు నొప్పి పుట్టి సగంలోనే తిరిగొచ్చేదాన్ని. ఒకరోజు గోడ రాళ్ల సందులోంచి మన్ను గోకి తెచ్చాను. ఎందుకు? ఆమె సంతోషం చూడాలనా, తోటి పిల్లల ముందు గొప్పకా? రెండూ అనుకుంటాను. మేనగోడలు అడుగు ముట్టిందని అత్తమ్మ ఊరంతా చెప్పుకుంది.

కొన్నాళ్లకు తాడు తెగి బొక్కెన బావిలో పడింది. అత్తమ్మకు జలుబు చేసి చెవులు దిబ్బడేశాయి, నన్ను దిగమంది. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? చెవి నొప్పి అని వంక పెట్టాను. ఆమే దూకింది. బొక్కెనతో పైకొచ్చేసరికి కుడి చెవిలోంచి నెత్తురు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఏడ్వకు బిడ్డా. నొప్పి చెవుతోటి నువ్వు దిగితే నీకు గిట్లనే అయ్యేది. నేను దిగుడే మంచిదైంది" అంది.

ఆ చెవికి మళ్లీ వినపడలేదు.

మరుసటి ఎండాకాలం, ముక్కూ నోరూ మూసి మెల్లగా గాలి ఊదితే చెవులు ఎలా తెరుచుకుంటాయో ఆమే నేర్పింది. అప్పుడు నిజంగా అడుగు ముట్టాను. పెళ్లయ్యాక బొంబాయి దగ్గర మొదటిసారి సముద్రంలో దిగాను. మా ఆయన ఒడ్డున చెప్పులకు కాపలా. నేను అలల కిందికి మునిగి, ఇసుక తాకి, ఉప్పు నీళ్లకు కళ్లు మండుతుంటే పైకొచ్చి అత్తమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నాను. నా ఒంటికి తెలిసిన సంతోషాల్లో పెద్దది ఆమె పెట్టిన భిక్షే.

ఒకసారి ఆమెకు నిజం చెప్పాను కూడా. వినపడని చెవి వైపు కూర్చుని, మెల్లగా, మొత్తం. ఏదో అంటున్నానని కనిపెట్టి, జర ఇటు దిక్కు వచ్చి చెప్పమంది. అటు వెళ్లి కూర్చున్నాను. సముద్రం గురించి చెప్పాను. మురిసిపోయింది.

ఇప్పుడామె లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. నేను ఆమెకు అబద్ధం చెప్పాను. రాసేశాక కాస్త ఊపిరాడుతోంది.