మంచం కింద పెట్టె

హాస్టల్లో గదులిచ్చేది వార్డెన్ అని బయటివాళ్ళు అనుకునేవారు. కాదు. ఖాళీ చేసి వెళ్ళే సీనియరు ఇచ్చేవాడు. ఎనభైల మొదట్లో, విశాఖపట్నంలో నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు అదీ ఆనవాయితీ. సీనియరు ఎవరి పెట్టెను తన మంచం కింద పెట్టనిస్తాడో, వేసవి సెలవుల తర్వాత గది వాడిది. జూన్‌లో వార్డెన్ వచ్చి, మంచాల కిందికి తొంగిచూసి సరేననేవాడు.

మూడో అంతస్తు చివర ఒక్కరే ఉండే గది ఒకటుండేది. కిటికీ తీస్తే సముద్రం. నాకు సముద్రం అక్కర్లేదు, తలుపేసుకుంటే చప్పుడు లేకపోతే చాలు. మొదటి ఏడాది నాకో పేపరు పోయింది. ఇంకొకటి పోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది, అది ఆగితే చదువే ఆగుతుంది. పేపరు ఎందుకు పోయిందంటే, మెస్ వంటగది పక్కనున్న మా గదిలో సాయంత్రమైతే క్యారమ్స్. ఆడేది నా రూమ్మేటూ వాడి స్నేహితులూ. వాడిది సీతమ్మధార. ఊళ్ళోనే ఇల్లుండగా వాడికి హాస్టల్లో సీటు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ చివరి గదిలో ఉన్న సీనియరు బొబ్బిలి వైపు వాడు. చలికాలమంతా వాడి రికార్డు బొమ్మలు నేనే గీశాను. మార్చిలో వాడే అన్నాడు: "నీ పెట్టె తెచ్చి నా మంచం కింద ఎట్టీరా. గది నీదే."

ఇనప్పెట్టె ఒక పిడి నేను పట్టుకున్నాను. రెండో పిడి పట్టుకుని మూడంతస్తులూ ఎక్కినవాడు నా రూమ్మేటే.

"ఏటి బావా, రాళ్ళెట్టావేటి ఇందులో?" అన్నాడు ఆయాసపడుతూ.

అంటే ఆ పెట్టె ఎక్కడుందో, ఎందుకుందో వాడికి తెలుసు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

జూన్‌లో ఊరి నుంచి వచ్చి పైకెక్కాను. నా పెట్టె వరండాలో ఉంది. వానజల్లు పడి మూత మీద రంగు లేచిపోయింది. గదిలో మంచం మీద రూమ్మేటు పడుకుని ఉన్నాడు. మంచం కింద వాడి రెగ్జిన్ సూట్‌కేసు.

"వచ్చీసావా బావా? బస్సులో రద్దీగా ఉందేటి?"

"నా పెట్టె ఎవరు తీశారు?"

"నాకేటి తెల్సు? నానొచ్చేసరికే అక్కడుంది. వాచ్‌మేన్నడుగు."

వాచ్‌మేన్‌ని అడిగితే, "పెట్టెలు నడుత్తాయేటి బాబూ? ఎవులో మోసుంతారు," అని బీడీ ముట్టించుకున్నాడు. చెప్పొద్దన్నారని వాడి ముఖంలోనే కనిపించింది.

తిరిగి పైకెళ్ళి ఆ సూట్‌కేసు పక్కకు లాగాను. సముద్రపు గాలికి ఆ ఊళ్ళో ఇనుము ఊరుకోదు. గచ్చు మీద ఎర్రగా, నలుచదరంగా, నా పెట్టె అంత తుప్పు మరక. రెగ్జిన్‌కి తుప్పు పట్టదు. వార్డెన్‌ని పిలుచుకొచ్చి చూపించాను. ఆయన వంగి చూసి, కళ్ళద్దాలు సర్దుకుని, "ఇక్కడ ఇనప్పెట్టె ఉండేదన్న మాట నిజమే," అన్నాడు.

అప్పుడు కానీ రూమ్మేటు నోరు విప్పలేదు. "గది నాకే ఇచ్చేడు సార్. కావలిస్తే ఆన్నే అడగండి. పెట్టె తియ్యమన్నదీ ఆడే."

అడగమంటే అడక్కుండా ఉంటానా? సీనియరు అప్పటికి ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట ట్రైనీగా చేరాడు. బస్సెక్కి వెళ్ళాను. ఎర్రమట్టి, లారీలు, దుమ్ము. హెల్మెట్టు చంకలో పెట్టుకుని వచ్చి, నన్ను చూడగానే నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"నువ్వు పరీక్షలవగానే ఊరెల్లిపోనావు. నాకు వైవా ఉంది, మెస్ మూసీసారు. ఆడు రోజూ ఇంటికి తీసుకెల్లాడు. ఆల్లమ్మ సేపల పులుసు ఎట్టింది. గది అడిగితే ఎలా కాదంతాను?"

"మరి నాకిచ్చిన మాట?"

"అప్పుడు నీకిచ్చాను. తరవాత ఆడికిచ్చాను. ఎవులికీ అబద్దం సెప్పలేదు కదరా."

బొమ్మలు గీసిన నెలలన్నీ ఒక పులుసుకు సరిపోయాయి. టీ తాగి వెళ్ళమన్నాడు. తాగలేదు.

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు వార్డెన్‌కి చెప్పాను. ముందు మాట నాదని, న్యాయం చేస్తాడని. ఆయన అంతా విని, "హాస్టలు వదిలి పోయినవాడు నా గదులు పంచుతాడా? పెట్టెలూ వద్దు, పులుసులూ వద్దు. ఇద్దరూ మీ పాత గదికే పోండి," అన్నాడు. ఆ మధ్యాహ్నమే చివరి గదికి తాళం పడింది. ఆ తర్వాతి వారం అందులో ఒక రీసెర్చ్ స్కాలరు దిగాడు. అతను పీహెచ్‌డీ చేస్తున్నది ఈ వార్డెన్ దగ్గరే. అదను కోసం ఆయన కాచుకుని ఉన్నాడనీ, నా ఫిర్యాదుతో అది దొరికిందనీ నా నమ్మకం. ఎవరు కాదన్నా మార్చుకోను.

"సూసావా బావా? నీకూ లేకుండా నాకూ లేకుండా సేసీసినావు," అన్నాడు రూమ్మేటు, పరుపు చుట్టుకుని కిందికి దిగుతూ.

ఆ ఏడాదంతా నేను వాడితో మాట్లాడలేదు.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఆ ఏడాది మా గదికి వాడి స్నేహితులెవరూ రాలేదు. సాయంత్రాలు వాడే బయటికి పోయి భోజనాల వేళకు వచ్చేవాడు. మంచి మనసుతో చేశాడని తర్వాత ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు. కావచ్చు. వార్డెన్ కంట్లో పడకూడదనీ కావచ్చు. వాడు చెప్పలేదు, నేనడగలేదు.

పోయిన పేపరుతో సహా అన్నీ పాసయ్యాను. ఫలితాలు అంటించిన చోట వాడూ ఉన్నాడు. నా నంబరు నాకంటే ముందు వాడే చూశాడు.

"పాసైపోనావు బావా! పద, ఇడ్లీ తిందాం," అని భుజం మీద చెయ్యి వేశాడు.

ఆకలిగానే ఉంది. చెయ్యి తీసేసి, వాడు చూపించిన నంబరు నాదేనో కాదో మళ్ళీ చూసుకున్నాను. నాదే. ఇడ్లీకి మాత్రం వెళ్ళలేదు.