కోలా మీద జాలిపడి చుక్కికి గోలీ పెట్టాను

ఈ ప్రయాణానికి కారణం నేనే. నస్పూర్‌లో కూతురి కాన్పుకు వెళుతూ పక్కింటి రాజవ్వ తన చూడి మేక చుక్కిని వారం రోజులు నాకు అప్పగించింది. ముప్పై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన మనిషి కదా, మేకను చూసుకోలేదా అనుకుంది పాపం. ముళ్లకంచె గీరుకుని చుక్కి కాలు చీముపట్టింది. గోదావరిఖనిలో గని ఉద్యోగం చేసిన ఏ ఇంట చూసినా దవాఖానాలో ఇచ్చిన మందులు మిగిలి ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉంటాయి. మా ఆయన రిటైరయ్యాడు గానీ డబ్బా కాలేదు. అందులోని యాంటీబయాటిక్ గోలీలు బెల్లంలో పెట్టి రెండు రోజులు మింగించాను. కాలు ఆరింది. మేక మాత్రం మేత మానేసింది, నెమరు ఆపేసింది. రాజవ్వ రేపే వస్తుంది.

మా దగ్గరి పశువుల డాక్టరు టీకాల శిబిరానికి వెళ్లాడన్నారు. అందుకని రామగిరి వైపు ప్రయాణం. పొద్దున ఎనిమిదిన్నరకు, మొదటి షిఫ్టు రద్దీ తగ్గాక, సమ్మయ్య ఆటో మాట్లాడాను. రానూపోనూ, అక్కడ ఆగినందుకూ కలిపి ఎనిమిది వందలు.

“టీచరమ్మా, మేక ఎనుక సీట్ల, మీరు నా పక్కనా?” అన్నాడు.

“ఇయ్యాల దానికి నౌకరీ చేస్తున్న. యాడ కూసోమంటే ఆడ కూసుంట,” అన్నాను. గోనెసంచి పరిచి ముగ్గురం బయలుదేరాం.

ఊరు దాటాక గనుల్లోంచి తవ్విపోసిన మట్టిగుట్టల మీద పెంచిన నీలగిరి చెట్లు మొదలవుతాయి. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు టీవీలో చూసింది గుర్తొచ్చింది. గోలీ పెట్టిన సాయంత్రమే టీవీలో ఆస్ట్రేలియాలో నీలగిరి ఆకే తిని బతికే కోలాల గురించి చూశాను. క్లమీడియా అనే బ్యాక్టీరియా సోకి వాటి కళ్లు పోతాయట. మందిస్తే ఆ బ్యాక్టీరియాతో పాటు నీలగిరి ఆకును అరిగించే కడుపులోని మంచి బ్యాక్టీరియా కూడా చస్తుందట. జబ్బు తగ్గిన కోలా ఆకుల మధ్యే కూర్చుని ఆకలికి చిక్కిపోతుందట. అయ్యో, ఆ డాక్టర్లకు ఎంత అవస్థ అనుకుంటూ టీవీ ఆపి, లేచి వెళ్లి చుక్కికి గోలీ పెట్టింది నేనే.

ముప్పావు గంటలో పశువుల దవాఖానా చేరాం. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. చుక్కి డొక్క మీద చెవిగొట్టం పెట్టి చాలాసేపు విన్నది. కడుపులో చప్పుడే లేదన్నది. గోలీల సంగతి చెప్పాను.

“గోలీలు పెట్టుమని ఎవరు చెప్పిండ్రు?”

“ఒక చదువుకున్నామె.”

“గా చదువుకున్నామె మీరేనా?” అని నవ్వింది. కోలాల సంగతి అడిగితే ఆ పిల్ల ముఖం వెలిగింది. “పిల్ల కోలా తల్లి దగ్గర మెత్తటి పేడ తిని ఆ మంచి బ్యాక్టీరియాను తెచ్చుకుంటదమ్మా. మందుతోని అది పోతే, మంచిగున్న కోలా పేడ తెచ్చి ఎక్కించి చూస్తరు. ఇంకోటి, మందు పురుగును చంపుతది గానీ ఒంటికి కొట్లాట నేర్పదు. తగ్గినంక మళ్ల సోకుతది. కొట్లాట నేర్పేది టీకా.”

“మరి మా చుక్కికి?”

ఆమె గోడ అవతల మేకలు కాస్తున్న బీరయ్యను కేకేసింది. సంగతి వినగానే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “ఏంది టీచరమ్మా, మనిషి గోలీలు పెడితే మేక మనిషైతదా?”

చుక్కి తాడు పట్టుకుని పక్కకు జరిగాను.

నెమరు వేస్తున్న తన మేకను కాళ్ల మధ్య ఇరికించుకుని, దవడ పక్కనుంచి వేలు దూర్చి, పచ్చటి ముద్ద బయటికి లాగాడు. ఇంకో రెండు మేకల దగ్గరా అంతే. మంచి బ్యాక్టీరియా ఉన్న ఆ ముద్దలను డాక్టరమ్మ గోరువెచ్చటి నీళ్లలో కలిపి మెల్లగా చుక్కికి తాగించింది.

“మా తాత గిట్లనే చేసేటోడు,” అన్నాడు బీరయ్య.

“మా పుస్తకంల గూడ గిదే ఉన్నది కాకా,” అన్నది డాక్టరమ్మ. బీరయ్య డబ్బు ముట్టలేదు, చాయ్ మాత్రం రెండుసార్లు తాగాడు. దవాఖానాలో ఖర్చేమీ కాలేదు. దవాఖానా మూశాక కూడా వాకిట్లో రెండింటిదాకా చూసి, కడుపు కదిలిందనడానికి గుర్తుగా చుక్కి ఒక్కసారి త్రేన్చాక బయలుదేరాం.

సాయంత్రం ఐదుకు రాజవ్వ ఫోను. ఒక్కటీ దాచకుండా చెప్పాను.

“ఇప్పుడేం జేస్తున్నది?” అన్నది అంతా విని.

వెనక్కి తిరిగి చూశాను. “డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ తింటున్నది.”

“అయితే మంచిగనే ఉన్నది. నీ సంగతి రేపొచ్చి చూస్త.”

ఫోను పెట్టేసి గడపలో కూర్చున్నాను. సగం చీటీ మింగిన చుక్కి దవడలు ఆడిస్తూ పడుకుంది. నెమరు వేస్తున్న మేకను చూస్తే ఇంత హాయిగా ఉంటుందని పాఠంలో నేనెప్పుడూ చెప్పలేదు. ఎక్కడో కోలా డాక్టర్లు తంటాలు పడి చేస్తున్న వైద్యం బీరయ్య వేలి కొసన ఉంది. ముప్పై ఏళ్ల పాఠాలున్న నా చేతిలో ఉన్నది బిస్కెట్ డబ్బా. ఇక నుంచి అందులో బిస్కెట్లే పెడతాను.

మీరూ మేకతో వెళ్లేట్టయితే ఒక్కటే సలహా: దవాఖానా మధ్యాహ్నానికి మూస్తారు, పదింటికల్లా చేరండి. చీటీని మాత్రం కొంగున ముడేసుకోండి.