బటన్ నా జేబులో ఉన్న రెండు రోజులు

మా చెల్లెలికి చిన్నప్పటి నుంచి మూర్ఛ. అమీర్‌పేటలో నా ఇంట్లోనే ఉంటూ జాకెట్లు కుడుతుంది. లైనింగ్ బట్ట దొరికే దుకాణం పంజాగుట్టలో ఉంది, మెట్రోలో ఒక్క స్టేషన్. అక్కడికి ఒంటరిగా పోయి రావాలని ఆమెకు ఎన్నాళ్ల నుంచో ఉంది. ప్లాట్‌ఫాం మీద పడిపోతే ఎట్లా అని నేనే పోనివ్వలేదు.

పోయిన ఏడాది డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. కొందరికి ఫిట్స్ వచ్చే ముందే మెదడు రికార్డింగులోనూ, గుండె కొట్టుకునే తీరులోనూ మార్పు కనిపిస్తుందట. చెల్లెలికి అట్లా కనిపిస్తే ముందుగా హెచ్చరిక అందే దారి ఉంటుందేమో చూద్దామంది. తలకు, ఛాతీకి వైర్లు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి మూడు రోజులకు ఇంటికి పంపారు. చేతిలో పట్టుకోవడానికి ఒక బటన్ ఇచ్చారు. లోపల ఏదైనా తేడాగా అనిపిస్తే చెల్లెలు దాన్ని నొక్కాలి.

ఆమె ఎప్పుడు నొక్కిందో, అప్పుడేమైందో కాగితం మీద రాసిపెట్టడం నా పని. నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నవాణ్ణి, నిమిషం కూడా తప్పకూడదనుకున్నాను. మొదటి రోజు ఆమె ఆరుసార్లు నొక్కింది. ఆరుసార్లూ వెళ్లి చూశాను. మామూలుగానే కుట్టుకుంటోంది. ఆరింటికీ ఎదురుగా 'పొరపాటు' అని రాశాను. ఆ సాయంత్రమే ఫిట్స్ వచ్చాయి. అయినా నాకేమీ తట్టలేదు. మర్నాడు పొద్దున బటన్ నా జేబులో వేసుకున్నాను.

"అన్నా, జర నాకియ్యి. లోపల ఎట్లనో అయితుంది."

"ఉత్తగ ఒత్తితె రికార్డు ఖరాబైతది. ఫిట్స్ వచ్చినప్పుడు నేనే ఒత్తుత."

ఆ రెండు రోజుల్లో మరో రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ క్షణం ఆలస్యం చేయకుండా నొక్కాను.

డాక్టరమ్మ నా కాగితంలో 'పొరపాటు' అన్న మాట మీద వేలు పెట్టింది. "ఫిట్స్ ఎప్పుడొచ్చాయో మెషీనే చెప్తుంది సార్. ఆమెకు ముందుగా ఎప్పుడు అనిపించిందో అదే మాకు కావాలి."

మొదటి రోజు ఆమె ఆఖరుసారి నొక్కిన పదకొండు నిమిషాలకు ఫిట్స్ వచ్చాయట. నొక్కేసరికే గుండె వేగం పెరిగి ఉందట. కానీ ఒక్కసారి చూసి ఏమీ తేల్చలేమంది. మళ్లీ మూడు రోజులు పెడదామంది.

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. బయటికి వచ్చాక ఎందుకని అడిగాను.

"నేను చెప్తే నమ్మలే. మిషిన్ చెప్తే నమ్ముతవా? వద్దు, అన్నా."

ఎన్నిసార్లు బతిమాలినా ఒప్పుకోలేదు. ఇప్పుడు దుకాణానికి ఇద్దరం కలిసి పోతున్నాం. రైలు కోసం నిలబడినప్పుడల్లా ఏమన్నా అనిపిస్తోందా అని అడుగుతాను. ఏం లేదంటుంది. అట్లా అన్న తర్వాతే రెండుసార్లు నా చేతుల్లోకి ఒరిగిపోయింది. నిజంగానే ఏమీ అనిపించలేదో, నాకు చెప్పబుద్ధి కాలేదో. అది అడిగే ముఖం నాకు లేదు.