సర్వపిండికి నడిమి చిల్లు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మరి లేని దయ్యం విషయంలో తోటికోడలి మీద ఎందుకు కుళ్లుకున్నావని అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్తాను.

మేముండేది అమీన్‌పూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. కుట్టే పద్ధతి వీడియోలు తీసి పెడతాను కూడా. ఫోర్‌కే రిజల్యూషన్‌లో తీస్తే దారం పోగు ఎంత బాగా కనబడుతుందో, సెకనుకు అరవై ఫ్రేములు పెడితే సూది ఎందుకు చెదరదో, ఫైలు మరీ చిన్నది చేస్తే బట్ట నేత ఎలా అలుక్కుపోతుందో నాకు బాగా తెలుసు.

మా మరిది భార్య సుజాత పటాన్‌చెరులో కిరాయి ఇంట్లో ఉంటుంది. అత్తమ్మ చనిపోయాక, 'మా అత్తమ్మ వంటలు' అంటూ తనూ వీడియోలు మొదలుపెట్టింది. పాత ఫోను, తక్కువ రిజల్యూషన్. అత్తమ్మను మంచాన పడ్డప్పటి నుంచి సాకింది నేను. స్నానం నేను, జడ నేను, మందులు నేను. సుజాత పండక్కి వచ్చి అరటిపళ్లు పెట్టి పోయేది. ఇప్పుడేమో కామెంట్లలో జనం, అత్తను ఎంత బాగా చూసుకున్నావమ్మా అని ఆమెను మెచ్చుకుంటున్నారు! చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం సుజాత ఫోన్ చేసింది. "అక్కా, సర్వపిండి వీడియో పంపిన, జెర సూడు. ఫోన్ గిట్ల ఖరాబైందా ఏంది?"

చూశాను. బియ్యప్పిండి ముద్దను గిన్నె అడుగున ఒత్తింది. నూనె పోయడానికి అంచుల వెంట వేలితో చిల్లులు పెట్టింది. నూనె గిన్నె కోసం అటు తిరిగింది. అప్పుడు కుడిపక్క నుంచి ఒక చేయి వచ్చి, పిండికి సరిగ్గా నడుమ ఒక చిల్లు పెట్టి పోయింది. గళ్లు గళ్లుగా, మసకగా ఉంది ఆ చేయి.

నేను నవ్వేశాను. ఫైలు చిన్నగా ఉండాలని ఫోను ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. మారినంతవరకే దాచి, మిగతాది ముందటి ఫ్రేము నుంచి తెచ్చుకుంటుంది. ఆ కుదింపులో, అంటే కంప్రెషన్‌లో, లెక్క తప్పితే పాత బొమ్మ మరకలా మిగిలిపోతుంది.

"అది నీ చెయ్యేనే. కంప్రెషన్‌ల ఒక్కోసారి గట్ల మిగుల్తది" అన్నాను.

"మరి చిల్లు ఎవలు పెట్టిన్రు అక్కా? ఇటు తిరిగేసరికి ఉండె. నేనే పెట్టినేమో అనుకున్న. వీడియోల సూస్తే నేను పెట్టనే లేదు."

కంప్రెషన్ బొమ్మను చెడగొట్టగలదు. పిండికి చిల్లు పెట్టలేదు.

ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. ఆ చూపుడువేలి కొస పక్కకు వంగి ఉంది. అత్తమ్మ వేలు ఎప్పుడో రోకటి కింద పడి అలాగే వంకరగా అతుక్కుంది. మంచాన పడ్డాక ఏ పనీ చేతకాకపోయినా, సర్వపిండికి నడిమి చిల్లు మాత్రం తనే పెడతాననేది. గిన్నె మంచం దగ్గరికి పట్టుకెళ్లేదాన్ని. వణికే వేలితో పెట్టి నవ్వేది. ఆ ముచ్చట మా ఇద్దరి మధ్యనే ఉండేది, సుజాతకు తెలియదు.

నాకు భయం వేయలేదు. కడుపు మండింది. రావాలనుకుంటే నా వంటింటికి కదా రావాలి!

మర్నాడే నేనూ సర్వపిండి పెట్టి, నడుమ చిల్లు పెట్టకుండా వదిలి అటు తిరిగాను. ఫోర్‌కే, అరవై ఫ్రేములు, కంప్రెషన్ వీలైనంత తక్కువ. వస్తే ఎవరూ కాదనలేనంత స్పష్టంగా రావాలని నా పంతం. ట్యూబ్‌లైట్ రెపరెపలు తప్ప ఏమీ రాలేదు. ఫ్రేములు ఇరవై ఐదుకు తగ్గిస్తే రెపరెపలు ఆగాయి. అంతే.

తర్వాత రిజల్యూషన్ తగ్గించాను. కంప్రెషన్ పెంచాను. వీడియో సుజాత వీడియో అంత అధ్వానంగా అయ్యేదాకా దిగాను.

"వారం సంది గిదేనా? జెర అన్నం గూడ పెట్టవే" అన్నాడు మా ఆయన.

చివరికి సుజాత ఇంటికే వెళ్లి ఆ ఫోను అడిగాను. అక్కడే దానితో తీసినా, నేను ఒత్తిన పిండికి నడుమ చిల్లు పడలేదు. ఇక ఆపుకోలేక అడిగేశాను.

"గా వంకర వేలు అత్తమ్మదే. సాకింది నేను గద. నీ దగ్గరికెందుకొచ్చింది?"

సుజాత కళ్ల నీళ్లు పెట్టుకుంది. "నీ చేతి కూడు కడుపునిండ తిన్నది అక్కా. నా ఇంట్ల ఒక్క బుక్క తినకుండనే పాయె. గందుకే వచ్చిందేమో."

ఆ మాటతో నా మనసు కుదుటపడాలి. పడలేదు. కడుపు నిండిన ఇంటికి మనిషి మళ్లీ రాకూడదా?

ఆ చేయి ఎవరిదో, ఆ చిల్లు ఎలా పడిందో నాకు ఇప్పటికీ తెలియదు. సుజాత వీడియోలో అది మళ్లీ కనబడలేదు. నేను మాత్రం సర్వపిండి పెట్టిన ప్రతిసారీ ఫోను నిలబెడతాను, సెట్టింగులన్నీ ఆమె ఫోనులో ఉన్నట్టే పెట్టి. అంచుల వెంట చిల్లులు పెట్టి, నూనె కోసం అటు తిరుగుతాను. కావలసినదానికంటే కాస్త ఎక్కువసేపే తిరిగి ఉంటాను.

తర్వాత ఇటు తిరిగి, నడిమి చిల్లు నేనే పెట్టుకుంటాను.